పిరిడీన్ మేనకోడలు

ప్రియమైన మిరపకాయ్‌కి,

మొన్న నువ్వొచ్చి వెళ్ళాక మీ అత్తయ్య నువ్వు పడుకున్న పరుపు తీసి ఎండలో వేసింది. అయినా ఆ కుళ్ళు చేపల కంపు వదిలితేనా! రొట్టెలు కొనడానికొచ్చిన ఆవిడ ముక్కు చిట్లించి "సరుకు పాడైందా?" అని అడిగింది. నా పరువు కాస్తా పోయింది. మన బేకరీలో పెరిగిన పిల్లవి, ఆ పిరిడీన్ ఫ్యాక్టరీలో ఉద్యోగానికి చేరి ఏం చూసుకుని మురిసిపోతున్నావే?

నా క్షయ గురించి బెంగపడకు. మాత్రలతో దగ్గు బాగా తగ్గింది.

నిన్ను తిట్టే హక్కున్న,
మావయ్య

ప్రియమైన మావయ్యకి,

తిట్టడం అయిందా? ఇప్పుడు నా మాట విను. పిరిడీన్ అంటే ఆరు మూలల బుల్లి ఉంగరం. ఐదు మూలల్లో కార్బన్, ఆరోదాంట్లో నైట్రోజన్. ఒట్టి ఉంగరమైతే ముక్కు మూసుకోవాల్సిందే. దాని మూలకి ఇంకేదైనా తగిలిస్తే గుణమే మారిపోతుంది. నీ రొట్టె పైపొర ఎర్రగా కాలేటప్పటి కమ్మని వాసనలోనూ ఈ ఉంగరమున్న పదార్థం ఒకటుంది. నువ్వు క్షయకి రోజూ మింగే ఐసోనియజిడ్ మాత్ర కూడా ఈ ఉంగరం మీద కట్టిందే. నన్నేమో కంపని తిట్టి, నా సరుకుని కడుపులో పెట్టుకుంటున్నావన్నమాట!

నీ పొగరుబోతు,
మిరపకాయ్

ప్రియమైన మిరపకాయ్‌కి,

గెలిచావులే. ఒక కబురు. బేకరీ అమ్మేస్తున్నా. పక్కవీధి కేకుల దుకాణం ఆయన ఎప్పట్నుంచో అడుగుతున్నాడు. తెల్లారకుండా లేచి పిండి పిసకడం ఇంకెన్నాళ్ళు? తొందర్లోనే తాళాలిచ్చేసి, హాయిగా కాళ్ళు చాపుకుని కూర్చుంటా. సంతోషమేగా?

మావయ్య

ప్రియమైన మావయ్యకి,

సంతోషమూ లేదు, నా మొహమూ లేదు. ఆ ఉత్తరం అత్తయ్య చేతిరాత. నీ సంతకం కూడా ఆవిడే పెట్టింది. ఫోన్ చేసి నిలదీస్తే "మీ మావయ్య ఒట్టేయించుకున్నారే" అని ఏడ్చేసింది. వేళ్ళు తిమ్మిరెక్కి, సూదులు గుచ్చినట్టుండి, కలం పట్టు కుదరడం లేదట. పిండి మెత్తబడిందో లేదో తెలియడం లేదట. ఇక చేతులు పోయినట్టేనని నువ్వే తీర్మానించేసుకున్నావా?

ఆ ఐసోనియజిడ్ పెద్ద మాత్రతో పాటు మీ డాక్టరమ్మ చిన్న విటమిన్ మాత్ర ఇచ్చి ఉండాలే, బి6? అది వేసుకుంటున్నావా? ఐసోనియజిడ్ వల్ల ఒంట్లో ఆ విటమిన్ తగ్గిపోతుంది. తగ్గితే నరాలు ఇలాగే మొరాయిస్తాయి. చిత్రమేంటంటే ఆ విటమిన్‌లోనూ మన ఉంగరమే! వెంటనే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళు. పెద్ద మాత్ర మాత్రం మానకు. తాళాలు ఎవరికీ ఇవ్వకు.

కోపంతో, అంతకన్నా ఎక్కువ ప్రేమతో,
మిరపకాయ్

ప్రియమైన మిరపకాయ్‌కి,

కోడి గీరినట్టున్నా ఈ అక్షరాలు నావే.

"నాకేం నీరసమా అని ఆ చిన్న మాత్రలన్నీ సొరుగులో పడేశానండీ" అని నేననేసరికి డాక్టరమ్మ తల పట్టుకుంది. "అవి బలానికి కాదు మహానుభావా, మీ వేళ్ళ కోసం!" అంది. మోతాదు పెంచి, దగ్గరుండి మొదటిది మింగించింది.

మెల్లమెల్లగా తిమ్మిరి దిగింది. నిన్న పొద్దున పిండిలో చెయ్యి పెట్టగానే నీళ్ళెక్కువయ్యాయని తెలిసింది. తెలిసిందే పిల్లా! "ఎవరు పోశారివి?" అని గట్టిగా అరిచా. పోసింది మీ అత్తయ్యే. తిట్లు తింటూ నవ్వింది, పమిటతో కళ్ళు తుడుచుకుంది.

అప్పుడే కేకుల దుకాణం ఆయన తాళాల కోసం వచ్చాడు. నేను పిండి పిసుకుతూనే ఉన్నా. ఆయన నా చేతుల్నే కాసేపు చూసి, "సరేలెండి" అని, వేడివేడిగా రెండు రొట్టెలు కట్టించుకుని వెళ్ళిపోయాడు.

పిండి చేతులతోనే,
నీ మావయ్య