రెండు బల్లలు పట్టే గది

సెప్టెంబర్ 14

ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె మొదలైంది. ఆఫీసులన్నిటికీ తాళాలు. హైదరాబాదు నుంచి పబ్లిషర్ ఫోన్ — గొడవలు తగ్గేదాకా ఆఫీసు తెరవడట. గైడు పుస్తకాల పేజీలు మెయిల్‌లో పంపుతాడట. నేను టైపు చేయాలి, లలిత ప్రూఫు దిద్దాలి. నాలుగేళ్లు ఒకే బల్లకు అటొకరం ఇటొకరం కూర్చుని చేసిన పని. ఇప్పుడు ఎక్కడ కూర్చోవాలి?

మరిపెడ దగ్గర మా తండాలో కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు. కాజీపేటలో లలిత వాళ్లది రెండు గదుల ఇల్లు, ఆరుగురు మనుషులు. ఉపాయం లలితే చెప్పింది. జనగామలో మీ అక్క ఉందిగా, నువ్వు అక్కడుండు, నేను రైల్లో వచ్చిపోతాను, స్టేషన్ దగ్గర ఎక్కడైనా రెండు బల్లలు వేసుకుందాం అని.

సెప్టెంబర్ 16

ఇద్దరం తిరిగాం. స్టేషన్ ఎదుటి ఇంటర్‌నెట్ సెంటర్ — కరెంటు పోతే అంతే, ఇన్వర్టర్ లేదు. లైబ్రరీ — ప్రశాంతం, ప్లగ్గు లేదు. కోచింగ్ సెంటర్‌లో ఖాళీ గది ఉంది కానీ ఆడవాళ్లకు బాత్‌రూమ్ లేదు. లలిత ఒక కాగితం మీద రాసుకుంటూ వచ్చింది: కరెంటు, నెట్, బాత్‌రూమ్, కిటికీ. కిటికీ ఎందుకే అంటే, నీ మొహం చూసీ చూసీ విసుగొచ్చినప్పుడు బయటికి చూడటానికి అంది.

చాలా నవ్వాం.

సెప్టెంబర్ 19

జిరాక్సు షాపు పైన గది. అన్నీ ఉన్నాయి. షాపాయన తాళంచెవి లలిత చేతికిచ్చి, నా ఇంటిపేరు అడిగాడు. బానోతు అన్నాను. ఫ్యామిలీలు ఉండే బిల్డింగు, తండోళ్లంటే చుట్టాలు పక్కాలు వస్తరు పోతరు, కష్టమైతది అన్నాడు. ఆమె ఒక్కతే అయితే అభ్యంతరం లేదట.

లలిత తాళంచెవి గల్లాపెట్టె మీద పెట్టింది. “ఇద్దరికీ గది చూస్తున్నామండీ” అంది. అంతే. గొంతు పెంచలేదు. నా చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది.

దారిలో సోడా తాగించింది.

సెప్టెంబర్ 22

రోడ్డు మీద వంటావార్పు. అక్కతో నేనూ వెళ్లాను. ఉల్లిగడ్డలు కోశాను. నినాదాలిచ్చీ ఇచ్చీ గొంతు పోయింది. మా మాట ఆఫీసులో ఎంతమంది వెక్కిరించారో... ‘ఏంది’ అంటే నవ్వేవాళ్లు. లలిత ఒక్కతే నవ్వలేదు. ఈ రాష్ట్రం రావాలి. రావాలనే అనుకుంటున్నాను.

సెప్టెంబర్ 25

రైళ్లు ఆపేశారు. లలిత రాలేదు. కరెంటు కోత ఇంకా పెరిగింది — బొగ్గు లేదట.

సెప్టెంబర్ 28

దొరికింది.

విత్తనాల దుకాణం మీది గది. పొడవాటిది. ఇప్పటికే ముగ్గురు పంచుకుంటున్నారు — ఒక బీమా ఏజెంటు, దస్తావేజులు రాసే పెద్దాయన, జాకెట్లు కుట్టే ఒకామె. కిటికీ పక్కన ఇంకా రెండు బల్లలు పడతాయి. ఇన్వర్టర్ ఉంది. ఓనరు యాదమ్మ. వంటావార్పు రోజు నా పక్కన కూర్చుని బియ్యం ఏరింది ఆమే. బానోతు అని చెప్పినా ఏమీ అనలేదు. మీ యాడి బాగున్నదా అని, అమ్మను మా తండా మాటలోనే అడిగింది. ఎక్కడ నేర్చుకుందో. ప్రాణం లేచొచ్చింది.

రేపు లలితను తీసుకొస్తానన్నాను.

సెప్టెంబర్ 29

ఎలా రాయాలో...

లలిత గదంతా చూసింది. కిటికీ తెరిచింది. చాలా బాగుందండీ, రేపటినుంచే రావచ్చా అని అడిగింది. ఆ రెండు మాటల యాసకే యాదమ్మ మొహం మారింది. ఏ ఊరు అని అడిగింది. లలిత దాచలేదు. నాన్నది గుంటూరు వైపు, రైల్వే ఉద్యోగం, నేను పుట్టింది పెరిగింది కాజీపేటే అంది.

యాదమ్మ నా వైపు తిరిగి చెప్పింది. లలిత అక్కడ లేనట్టే.

“నీకిస్త బిడ్డ. ఆమెకు ఇయ్య. నా కొడుకు భూపాలపల్లిల బొగ్గుబాయి పని ఇడిసిపెట్టి సమ్మెల కూసున్నడు. రేపు నలుగురు అడిగితె ఏం జెప్పాలె నేను?”

కోపంగా కాదు. బతిమాలుతున్నట్టు.

లలిత నన్ను చూసింది.

నేను అప్పుడు అడిగింది ఒక్కటే. ఇన్వర్టర్ ఎంతసేపు వస్తది అని.

నా నోటితోనే అడిగాను. ఎందుకడిగానో తెలియదు. ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని... కాదు. గది పోతుందని. పదిహేను రోజులు తిరిగిన కాళ్లు. అబద్ధం ఎందుకు, గది పోతుందనే.

“నువ్వు తీసుకో సుజాతా. మంచి గది” అని లలిత మెట్లు దిగింది. నేను దిగలేదు. కిటికీలోంచి చూశాను — స్టేషన్ వైపు నడుస్తోంది. ఇంకా రైలు టైము కాలేదు.

సెప్టెంబర్ 30

ఫోన్ ఎత్తలేదు.

అక్టోబర్ 1

ఎత్తలేదు.

అక్టోబర్ 4

గదిలో మూడో రోజు. యాదమ్మ చాయ్ పంపింది. జాకెట్లు కుట్టే ఆమె మంచిది. పని సాగుతోంది. లలిత దిద్దిన పేజీలు మెయిల్‌లో వచ్చాయి. ఇదివరకు ప్రతి పాఠం కింద ఏదో ఒకటి రాసేది — ఒత్తులు తిన్నావా, నిద్రపోయావా అని. ఇప్పుడు తప్పుల పట్టిక మాత్రమే.

అక్టోబర్ 7

ఉండలేక కాజీపేట వెళ్లాను. వాళ్లమ్మ తలుపు తీసింది. లలిత గుంటూరులో పెద్దమ్మ దగ్గర ఉందట, ఇక్కడ సద్దుమణిగాక వస్తుందట. నన్ను చూసి ఆమెకు ఎంత సంతోషమో! ఉప్మా చేసింది. చెప్పులేసుకుంటుంటే భుజం మీద చెయ్యి వేసింది.

“పాపం, దానికి గది ఇవ్వనన్నారటగా. దాన్ని కాదన్నందుకు నువ్వూ వద్దని వచ్చేశావట. చెప్పి చెప్పి మురిసిపోయింది తల్లీ.”

తల ఊపాను. నిజం చెప్పలేదు. రైల్లో జనగామ దాటి ఆలేరు వెళ్లిపోయాను, దిగాలని తెలియలేదు.

అక్టోబర్ 8

మామూలుగానే కూర్చున్నాను. ఒక్క పేజీ కూడా టైపు చేయలేదు.

అక్టోబర్ 9

పొద్దున ఫోన్ చేశాను. ఎత్తింది.

అమ్మను కలిశానని చెప్పాను. తెలుసు, అమ్మ చెప్పింది అంది.

“గట్లెందుకు చెప్పినవ్ లలితా?”

వెనకాల ఎవరో గిన్నెలు కడుగుతున్న చప్పుడు.

“అమ్మకి నువ్వంటే ఇష్టం. అది కూడా ఎందుకు పోవాలి?”

‘అది కూడా’ అంది.

తప్పు చేసిన అని చెబుదామనే చేశాను ఫోను. ఆ మాట రాలేదు. ఏడో పాఠం ఎప్పుడు పంపుతావని అడిగింది. సాయంత్రానికి అన్నాను. సరే అని పెట్టేసింది.

సాయంత్రం పంపాను. పాఠం కింద నాలుగు వాక్యాలు రాసి, తుడిచేసి, మళ్లీ రాసి... ఈసారి తుడవకుండానే పంపేశాను.

పక్కన రెండో బల్ల ఖాళీగానే ఉంది. ఎవరినన్నా తీసుకొస్తవా, నన్నే చూడమంటవా అని యాదమ్మ అడుగుతోంది. రేపు సోమవారం చెబుతానన్నాను.

అక్టోబర్ 10

సోమవారం. మెయిల్ మూడుసార్లు తెరిచి చూశాను, లలిత నుంచి ఇంకా ఏమీ రాలేదు. యాదమ్మ మెట్లెక్కి వస్తోంది.