సూసన్న రాయి మీది తేదీ

కీర్తిశేషులు గెడ్డం యోహాను గారి కుమారుణ్ణి, రైల్వే వర్క్‌షాపులో పెయింటరుగా చేసి రిటైరైనవాణ్ణి, ఖరగ్‌పూర్ మలంచాలో సొంత ఇంట్లో కాపురమున్న గెడ్డం ఆర్థర్ అనే నేను, బుద్ధి స్థిరంగా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా ఇష్టప్రకారం రాస్తున్న వీలునామా ఇది. నా ఊపిరితిత్తులు పాడయ్యాయని డాక్టరు రాసిచ్చారు గానీ తల పాడైందని ఎవరూ రాయలేదు. అయినా మా అబ్బాయి ఏబెల్ వీధిలో నలుగురితో "నాన్నకి మతి సరిగ్గా లేదండీ" అంటున్నాడని తెలిసి, ఆ విషయానికి వేరే సర్టిఫికెట్ తీసుకుని దీనికి జతపరిచాను. ఇంతకు మునుపు నేను వీలునామా ఏదీ రాసి ఉండలేదు.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత న్యూ సెటిల్‌మెంట్ బడిలో టీచరుగా ఉన్న నా కూతురు ఏంజలిన్‌ది. ఏబెల్ పెద్దవాడు కదా, అతనికెందుకు ఇవ్వలేదని చర్చిలో అడిగేవాళ్ళుంటారు. మూడో క్లాజు చదవండి.

2. పంపకాలకన్నా ముందు ఒక సంగతి రాతలో ఉండాలి. నా భార్య సూసన్న 2024 ఫిబ్రవరి 10, శనివారం మధ్యాహ్నం మలంచాలోని ఒక నర్సింగ్ హోమ్‌లో చనిపోయింది. విచారణ నడుస్తోంది కాబట్టి నర్సింగ్ హోమ్ పేరు రాయవద్దని నా స్నేహితుడు రామమూర్తి చెప్పాడు. రాయకపోయినా ఊరంతటికీ తెలుసు. సర్కారు ఆరోగ్య కార్డు మీద చేర్చాం. కార్డు వాళ్ళ దగ్గరే ఉంది. మేనేజరు మోహనకృష్ణ, మన తెలుగువాడే, మమ్మల్ని ఒక్క రూపాయి అడక్కుండా శవాన్ని ఇచ్చేశాడు. "కాగితాలు తర్వాత సూసుకుందాం బాబాయ్, ముందు పిన్నిని ఇంటికి తీసుకెళ్ళండి" అన్నాడు. మావాళ్ళలో సమాధి కార్యక్రమం ఆదివారం ఆరాధన అయ్యాక పెట్టుకుంటే సంఘమంతా ఉంటుంది. పాస్టరుగారు మరణం కాగితం కోసం ఆగకుండా, మా మాట మీద మర్నాడే సమాధి చేయించారు. అందరితోపాటు మోహనకృష్ణ కూడా వరసలో నిలబడి పిడికెడు మట్టి వేశాడు.

ఇక్కడ మా తెలివితక్కువతనం కూడా చెప్పాలి. సమాధి దగ్గర్నుంచి వచ్చి ఇంటిముందు టీలు ఇస్తున్నప్పుడు, సాయం చేసినవాళ్ళకు కృతజ్ఞతలు చెప్పడం మాకు ఆనవాయితీ. ఆ ఊపులో, పాస్టరుగారికి కప్పడానికని సూసన్న కొని దాచిన శాలువా తెచ్చి మోహనకృష్ణకు కప్పాం. నేనే కప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. శవాన్ని ఊరికే ఇచ్చాడని అంత సంబరం మాకు.

మంగళవారం నా ఫోనుకు ఆరోగ్య కార్డు చూసే సర్కారు ఆఫీసు నుంచి కాల్ వచ్చింది. ఒక అమ్మాయి బెంగాలీలో ఎంతో మర్యాదగా అడిగింది, దాదా, దీదీ ఐసీయూలో ఎలా ఉన్నారు, వైద్యం ఉచితంగానే అందుతోందా అని. పరామర్శకు చేసిందనుకుని ముందు నమస్కారం చెప్పాను. రెండోసారి అడిగాక అర్థమైంది. మట్టిలో ఉన్న నా భార్యకు వాళ్ళు ఇంకా ఆక్సిజన్ పెడుతున్నారు, సెలైన్ ఎక్కిస్తున్నారు, సర్కారు దగ్గర బిల్లు లాగుతున్నారు. శుక్రవారం మరణం కాగితం ఇచ్చారు. అందులో ఆమె చనిపోయింది గురువారం, ఫిబ్రవరి 15.

3. దీని మీద మేదినీపూర్ జిల్లా ఆరోగ్య ఆఫీసులో నేను ఇచ్చిన ఫిర్యాదు ఇంకా తేలలేదు. ఫిర్యాదుదారు పోతే ఫైలు మూసేస్తారని ఎదురుచూస్తున్నవాళ్ళున్నారు. నా తదనంతరం ఆ ఫిర్యాదును ఏంజలిన్ తన పేరున కొనసాగించాలి. రాజీకి నేను ఒప్పుకోలేదు, నా పేరు చెప్పి ఎవరు ఒప్పుకున్నా అది నా మాట కాదు. మోహనకృష్ణ పంపగా ఏబెల్ వచ్చి, తన భార్య జ్ఞానరత్నం ఉద్యోగం అడ్డుపెట్టి, నాతో అన్న మాట ఇది: "అమ్మ తిరిగొస్తాదేటి నాన్నా? నాలుగు రోజులు అటూ ఇటూ అయితే ఏటైపోద్ది? రత్నం ఉజ్జోగం సంగతి ఆలోసించు." కొడుకు మీద చెయ్యెత్తే వయసు దాటిపోయింది కాబట్టి ఆ రోజు ఊరుకున్నాను.

4. మలంచాలోని నా స్వార్జితమైన ఇల్లు, స్థలం, నీళ్ళ మోటారుతో సహా, నా కోడలు జ్ఞానరత్నానికి సర్వహక్కులతో చెందాలి. ఏబెల్‌కు కాదు, ఇద్దరికీ కలిపి కాదు, ఆమె ఒక్కదానికే. ఏంజలిన్‌తో ముందే మాట్లాడాను, ఆమెకు సమ్మతమే.

జ్ఞానరత్నం అదే నర్సింగ్ హోమ్‌లో నర్సు. ఆ శనివారం డ్యూటీలో ఉన్నది ఆమే. అత్తగారి కళ్ళు మూసింది ఆమే. ఆ తర్వాత ఆమె నాతో చెప్పిందీ, చెప్పనిదీ నేను ఇక్కడ రాయను. విచారణకు పిలిస్తే నోరు విప్పుతుందో లేదో నాకు తెలియదు. విప్పితే ఉద్యోగం పోతుంది, ఈ ఊళ్ళో ఇంకో నర్సింగ్ హోమ్ ఆమెను చేర్చుకోదు. మొగుడు కూడా ఇంట్లోంచి పొమ్మంటాడేమోనని ఆమె భయం. అందుకని ఇల్లు ఆమె పేరున రాస్తున్నాను, ఇక పొమ్మనే హక్కు ఎవరికీ ఉండదు. సాక్ష్యం చెబితేనే ఇల్లు అని షరతు పెట్టమని ప్లీడరుగారు సలహా ఇచ్చారు. నేను పెట్టను. ఆమె జన్మంతా నోరు విప్పకపోయినా ఇల్లు ఆమెదే. అమ్మా రత్నం, నేను నీ మాటను కొనడం లేదు. భయం లేకుండా ఆలోచించుకోవడానికి నీకొక గది ఇస్తున్నాను.

5. సూసన్న వెట్ గ్రైండరు మా ఎదురింటి చిలకమ్మకు. గోల్‌బజారులో ఇడ్లీలు అమ్ముకుని బతికే మనిషి. ఆమెకు రెండు మోకాళ్ళకూ ఆపరేషన్ చేసినట్టు అదే నర్సింగ్ హోమ్ సర్కారుకు రాసుకుంది. ఆ అరిగిన మోకాళ్ళతోనే ఆమె ఈరోజుకీ బజారుకు నడుస్తోంది. నిజంగా కడుపులో గడ్డకు ఆపరేషన్ కావలసి వేరే ఆసుపత్రికి వెళితే, కార్డులో ఈ ఏడాదికి ఏమీ మిగల్లేదని తిప్పి పంపారు. "నాకెప్పుడు సేసినారు బాబూ ఆపరేసను, నేను పడుకున్నప్పుడా?" అని నన్నడిగింది.

6. మోహనకృష్ణకు నేనేమీ ఇవ్వడం లేదు, ఇచ్చింది వెనక్కి అడుగుతున్నాను. ఏంజలిన్ వెళ్ళి ఆ శాలువా తీసుకురావాలి. ఇవ్వనంటే నలుగురి ఎదుట అడగాలి. తెచ్చినది ఉతికి, సూసన్న అనుకున్న ప్రకారం పాస్టరుగారికి కప్పాలి. ఆయన చలికి వణుకుతూ బోధిస్తుంటే చూడలేక కొన్నది అది.

7. రామమూర్తికి ఏమీ రాయలేదు. రైల్వే ఆఫీసులో జీవితమంతా ఫైళ్ళు నడిపి, నా ఫిర్యాదు అంతా ఇంగ్లీషులో రాసిపెట్టినవాడు. సాక్షి సంతకం చేసేవాడికి ఆస్తి రాస్తే చెల్లదని ఆయనే చెప్పి, ఆయనే కాస్త చిన్నబుచ్చుకున్నాడు. టీ మాత్రం మా ఇంట్లో ఎప్పుడొచ్చినా ఇవ్వాలి, చక్కెర లేకుండా.

8. నా బ్రష్షులు, పుట్టీ కత్తి, నల్ల ఎనామిల్ డబ్బా ఏబెల్‌కు.

దీనికి నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. వర్క్‌షాపులో మరమ్మతు అయిన ప్రతి బోగీ చివర ఒక తేదీ రాస్తారు. అది నా పని. ఆ తేదీని నమ్మి బోగీని లైను మీదకు పంపుతారు, దాన్ని నమ్మి జనం అందులో పడుకుని నిద్రపోతారు. ఏబెల్‌కు చిన్నప్పుడు చెయ్యి పట్టుకుని అంకెలు దిద్దించాను. నాకన్నా గుండ్రంగా రాస్తాడు. ఇప్పుడు నిమ్‌పురా రైల్వే యార్డులో పనిచేస్తూ, వాళ్ళమ్మ సమాధి రాయి మీద మాత్రం ఫిబ్రవరి 15 అని చెక్కించాడు. "కాగితం మీద ఉన్నదే గదా రాయిస్తాం" అన్నాడు.

ఆ రాయి దగ్గరకు నేను వెళ్ళలేకపోతున్నాను. గురువారం దాకా ఆమె బతికే ఉంటే, ఆదివారం మేమంతా కలిసి పాడుతూ పాడుతూ బతికున్న మనిషిని పూడ్చామన్నమాట. ఆ రాయి నన్ను అంటున్నది ఆ మాటే. నాకు రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదు. వెళ్ళి నేనే దిద్దగలను. దిద్దను. చెక్కించినవాడే దిద్దాలి. ఐదును పుట్టీతో పూడ్చి, ఆరనిచ్చి, దాని మీద సున్నా రాయాలి. ఒక్క అంకె.

9. నాకు ఆయాసం ఎక్కువైతే ఆ నర్సింగ్ హోమ్‌కు తీసుకుపోవద్దు. ఇంట్లోనే పోనివ్వండి. సూసన్న పక్కన సమాధి చేయండి. నా రాయి మీద, నా ఊపిరి ఆగడం కళ్ళారా చూసినవాళ్ళు చెప్పిన తేదీ వేయండి. ఏబెల్, అది కూడా నువ్వే రాయి. ముందు అమ్మది దిద్ది, బ్రష్షు ఆరకముందే నాది రాయి. నీ మీద నాకున్న కోపం అక్కడితో సరి.

ఇది నేను చదివి, చదివించి విని, సమ్మతించి 2025 నవంబరు 18, మంగళవారం నాడు ఖరగ్‌పూర్‌లో చేసిన సంతకం.

గెడ్డం ఆర్థర్

ఆర్థర్ గారు మా ఇద్దరి ఎదుట సంతకం చేయగా, ఆయన ఎదుటే మేమూ చేశాము. ఆయన కోరిక మీద ఇంకొక వాక్యం ఎవరి చేత్తో వాళ్ళం చేర్చాము.

సాక్షి: వి. రామమూర్తి, న్యూ సెటిల్‌మెంట్. సూసన్న గారి సమాధిలో నేను మట్టి వేసినది 2024 ఫిబ్రవరి 11, ఆదివారం.

సాక్షి: పి. దేవమణి, చర్చి స్త్రీల సమాజం. నేనూ ఆ ఆదివారమే వేసినాను. పెట్టె మూసే ముందు ఆమె నుదురు ముట్టుకున్నాను. చల్లగా ఉంది.