అక్క కారు కొన్నాక

హిల్కా అక్కకు, నీ చేతిలో మళ్ళీ ఓడిన తమ్ముడు రాస్తున్నాను.

నువ్వు గెలిచినప్పుడల్లా "అదంతా బావ డబ్బు మహిమ, నాకా కారిస్తే చూపిస్తా" అని ఊరంతా చాటింది నేనే. డబ్బున్నవాళ్ళ జోరు తగ్గించడానికే కదా, మన జోక్కిస్ పాత కార్ల పందేల్లో పరుగెత్తిన ఏ కారునైనా ఒకే ధరకు, అడిగినవాళ్ళకు అమ్మి తీరాలన్న నియమం పెట్టారు! పోయిన పందెం అయ్యాక నీ కారు అడిగినవాళ్ళ పేర్లతో చీటీలు తీస్తే నా పేరే వచ్చింది. కారు లేక నువ్వు నా డొక్కు కారు కొనుక్కున్నావు. నీమీద జాలిపడ్డాను కూడా.

నిన్న బురద మలుపులో ఆ డొక్కే నన్ను దాటిపోయింది. పైగా చెయ్యి ఊపావు!

జెండా ఊపే తహ్వో అడిగాడు: "ఏరా, కారు బాలేదా?"

"కారు బానే ఉంది మావా. దాంతోపాటు అక్క చేతులు కూడా ఇస్తారనుకున్నా," అన్నాను. పక్క కొట్లో సాసేజీలు కాల్చి అమ్మేవాళ్ళు కూడా పని ఆపి నవ్వారు.

ఒక్క సాయం చెయ్యి. అమ్మ అడిగితే ఇంజను మొరాయించిందని చెప్పు. నమ్మదులే. చిన్నప్పుడు నీ సైకిలే మంచిదని ఏడ్చి మార్పించుకున్న నేను, నా పాత సైకిలెక్కిన నీ వెనకాల రొప్పుతూ ఇల్లు చేరడం ఆమె గుమ్మంలోంచి చూసింది.

నీ తమ్ముడు