కారుకు ఉడుకునీళ్లు

మామా,

మీరు బతికుండగా మీ ఎదుట నోరు విప్పి ఎరగను.

పొద్దున అత్తకు ఆయాసం ఎక్కువైంది. మదనపల్లె ఆసుపత్రికి పోదామని మీ కొడుకు మీ కారు తాళం తిప్పితే టిక్కు టిక్కుమంటుందే గానీ స్టార్ట్ కాలేదు.

"బ్యాటరీ సచ్చినట్టుండాది. ఆటో సూస్తా" అన్నారు.

మీరు చేసేది వంటింటి కిటికీలోంచి ఎన్నిసార్లు చూశానో. ఉడుకునీళ్లు పోసి, బ్యాటరీ వైర్ల దగ్గరి తెల్లపొడి కడిగి, గట్టిగా బిగించాను. కారు కదిలింది.

"యాడ నేర్చుకున్నావే?" అన్నారు మీ కొడుకు.

"మామ దగ్గర."

ఆయాసంలోనూ అత్త నవ్వింది. "ఆయప్పతో ఎప్పుడు మాట్లాడితివే?"

వాళ్లు పోయి మూడు గంటలైంది. ఫోన్ రాలేదు. వాకిట్లోకీ ఇంట్లోకీ తిరుగుతున్నాను. మిమ్మల్ని ఎప్పుడూ ఏమీ అడగలేదు. అత్తను అప్పుడే పిలుచుకోవద్దు, మామా.