గడప కింద బులాకీ

తార్‌బహార్, బిలాస్‌పూర్
నవంబరు 6, 2024

ప్రియమైన అప్పకి,

ఫోన్‌లో నేనెంత అరిచినా నీకు "హలో" తప్ప వినపడదు కనుక మళ్ళీ ఉత్తరమే రాస్తున్నాను. నా అక్షరాలు చూసి నవ్వకు, నేర్పింది నువ్వే.

అమ్మకి తుంటి ఎముక అతికింది గానీ ఇక నడవలేదని డాక్టరు తేల్చేశాడు. వీల్‌చైర్ కొన్నాం. కొన్నాక తెలిసింది, మన వీధిగుమ్మం గడప జానెడు ఎత్తుంది, కుర్చీ దాటదు. హాస్పిటల్‌కి వెళ్ళిన ప్రతిసారీ నేనూ నీ మరదలు కోమలా అమ్మని కుర్చీతో సహా ఎత్తాలి. నా నడుం కూడా విరిగితే మా ఇద్దరినీ మొయ్యడానికి కోమల ఒక్కతే మిగులుతుంది. అందుకని గడప తీయించేస్తున్నాను.

నిన్న అమ్మన్న మేస్త్రి వచ్చాడు. ఇల్లు కట్టినప్పుడు మన గుమ్మం నిలబెట్టిన వడ్రంగి కొడుకే. గడప పెకలిస్తే కింద ఇటుకల మధ్య చిన్న గుంట, అందులో ఖాకీ గుడ్డ మూట. విప్పి చూస్తే పసుపుకొమ్ము, రాగి నాణెం, నల్లబడిపోయిన ధాన్యం, వాటితో పాటు అమ్మ బులాకీ. ముత్యం వేలాడేదే, అమ్మమ్మ ఇచ్చినదే.

అప్పా, అప్పటికి నాకు ఏడేళ్ళు. అయినా గుర్తే. స్కూల్లో నాటకానికి పెట్టుకుంటానని నువ్వడిగావు, అమ్మ ఇవ్వనంది, తర్వాత కొద్దిరోజులకే అది పెట్టెలోంచి మాయమైంది. "దొంగబుద్ధి దాన్ని ఇంట్లో ఉంచను" అని అమ్మ నిన్ను బడి మాన్పించి, మూడు నెలల్లో బొబ్బిలిలో రెండో పెళ్ళివాడికిచ్చి పంపేసింది. ఆ గడప దాటి వెళ్ళినదానివి మళ్ళీ ఇటు దాటలేదు. నాన్న పోయినప్పుడు కూడా అరుగు మీద కూర్చుని ఏడ్చి వెళ్ళిపోయావు. నీ మీద ఆ కోపం నాకింకా పోలేదు.

ఇప్పుడు అడుగుతున్నాను, నువ్వే తీసి అక్కడ దాచావా? అరవై ఐదేళ్ళు వచ్చాయి, చెప్పినా ఎవరూ కొట్టరు.

బులాకీ అమ్మకి చూపించాను. అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసి, "మంగని రమ్మనురా" అంది. రా అప్పా.

నీ తమ్ముడు,
చంద్రమౌళి


బొబ్బిలి
నవంబరు 14

ప్రియమైన చంద్రానికి అప్ప ఆశీస్సులు.

ఉత్తరం అందింది. అమ్మకి జావ పలచగా కాచి ఇవ్వండి, చిక్కగా ఉంటే పొలమారుతుంది. ఒకే వైపు పడుకోనివ్వకండి, వీపు పుండ్లు పడుతుంది. మీ బావని మూడేళ్ళు మంచం మీద చూశాను కనుక చెబుతున్నాను.

నువ్వడిగినదానికి జవాబు రాయను. యాభై ఏళ్ళు అడగనివాడివి, ఇప్పుడు తొందరేమొచ్చింది?

అమ్మ దాన్ని చూసి ఇంకేమంది? ఒక్క మాట కూడా వదలకుండా రాయి. గడప పూర్తిగా తీసేశారా, చెక్కి ఎత్తు తగ్గించారా? అదీ రాయి.

ఇట్లు,
మంగ


తార్‌బహార్
నవంబరు 21

ప్రియమైన అప్పకి,

ఎలా మొదలుపెట్టాలో తెలియక మూడు కాగితాలు చింపాను.

మొన్న అమ్మన్నకి టీ ఇస్తూ, "మా అప్ప ఎక్కడ దాచిందో చూశావా" అని నవ్వాను. అతను నవ్వలేదు. "అదెలాగవుద్ది బాబూ? గడప కూకున్నాక దాని కిందకి చీమ కూడా దూరదు. ముహూర్తం టయానికి ఇంటాయనే తన సేత్తో ఎయ్యాల. ఇంత బంగారం కూడా ఎయ్యాలని మా అయ్య అందరికీ సెప్పీవోడు" అన్నాడు.

లోపలికి వెళ్ళి ఆ ఖాకీ గుడ్డ మళ్ళీ తీశాను. నాన్న రైల్వే షెడ్డు చొక్కా జేబు అది. కుట్లు కూడా ఊడలేదు.

నీకు తెలుసో లేదో, నాన్న రోజూ డ్యూటీకి వెళ్తూ వంగి గడప తాకి కళ్ళకద్దుకునేవాడు. భక్తి అనుకునేవాణ్ణి. బులాకీ అక్కడ పెట్టింది ఆయనేనని ఇప్పుడు తెలిసింది. నువ్వు తీయలేదు. ఇన్నేళ్ళూ నిన్ను దొంగవనే నమ్మినందుకు నీ కాళ్ళు పట్టుకోవాలి నేను.

అమ్మ తిండి మానేసింది. రోజుకి పదిసార్లు అడుగుతోంది, "అది తియ్యలేదేటిరా? తియ్యనిదాన్ని పంపించీసినానేటి?" అని. నాన్న సంగతి చెప్పలేదు. అది నీ నోటితో నువ్వే చెప్పాలి, ఆ హక్కు నీది. డాక్టరు ఇక రోజులే అన్నాడు.

గడప పూర్తిగా తీసేశాం. సిమెంటుతో నేలని చదును చేయించాను. విశాఖ బండికి టికెట్ తీయమంటావా?

నీ తమ్ముడు,
చంద్రమౌళి


తార్‌బహార్
డిసెంబరు 16

అప్పా,

ప్రియమైన అని రాయబోయి ఆగాను. కోపం తగ్గాక రాద్దామంటే అది తగ్గడం లేదు.

నువ్విక్కడున్నన్నాళ్ళూ ఇల్లంతా చుట్టాలు. వాళ్ళ మధ్య నీకు వినపడేలా అరిచి ఏం అడగను? నిన్న నిన్ను బండెక్కించి వచ్చి ఇది రాస్తున్నాను.

వచ్చిన రోజు నువ్వు చదునైన గుమ్మంలోంచి నడిచి లోపలికి వచ్చావు. అమ్మ మంచం పక్కన కూర్చుని చెవి ఆవిడ నోటి దగ్గర పెట్టావు. "మంగా, నువ్వు తియ్యలేదేటే?" అంది అమ్మ. యాభై ఏళ్ళ నింద ఒక్క మాటతో పోతుందని నేను వెనకాల నిలబడి ఎదురుచూశాను.

"నేనే తీసినానమ్మా. భయమేసి గడప కింద పెట్టీసినాను" అన్నావు.

అమ్మ నీ తల నిమిరి, "పోన్లేవే, చిన్నపిల్లవి" అంది. ఆ సాయంత్రం నాలుగు చెంచాల జావ తాగింది. మూడో రోజు పోయింది.

కోమల విన్నది, పిన్ని విన్నది. దినానికి వచ్చినవాళ్ళందరూ "మంగ ఆఖరికి ఒప్పుకుందట" అనుకుంటూ భోజనాలు చేశారు. నేను నోరు తెరవబోతే నా చెయ్యి పట్టుకుని ఆపావు. ఎందుకప్పా?

బులాకీ నా దగ్గరే ఉంది. అది నీది. పంపించమంటావా?

చంద్రం


బొబ్బిలి
డిసెంబరు 24

ప్రియమైన చంద్రానికి అప్ప ఆశీస్సులు.

నాకు మొదటినుంచీ తెలుసు.

గుమ్మం ఎత్తిన ముహూర్తం తెల్లవారుజామున. నీకు జ్వరమని అమ్మ నీతో క్వార్టర్‌లోనే ఉండిపోయింది. నాన్న పక్కన లాంతరు పట్టుకుని నిలబడింది నేను. గడప కింద బంగారం వెయ్యాలన్నారు. మన ఇంట్లో ఉన్న బంగారం అమ్మ మెడలోది, ఆ బులాకీ, అంతే. అడిగితే అమ్మ ఇవ్వదని నాన్న దాన్ని చెప్పకుండా తీసి జేబులో పెట్టుకొచ్చాడు. "దసరాకి కొత్తది సేయించేస్తానే, అందాకా అమ్మతో అనకు" అన్నాడు. సరే అన్నాను. నాకూ నాన్నకీ మధ్య ఒక రహస్యం ఉందని సంబరపడ్డాను కూడా.

వారానికే అమ్మ పెట్టె తెరిచింది. నా జుట్టు పట్టుకుని అడుగుతుంటే నాన్న వైపు చూశాను. చేతిలో క్యారేజీతో డ్యూటీకి బయలుదేరుతున్నాడు. ఇప్పుడు చెబుతాడు అనుకున్నాను. చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. సాయంత్రం చెబుతాడనుకున్నాను. పెళ్ళిపీటల మీద కూడా తలెత్తి నాన్ననే చూశాను. నేను చెప్పలేక కాదు, నాన్నే చెప్పాలని పంతం. ఆయన ఆ మాట చెప్పేదాకా ఆ గడప దాటకూడదనుకున్నాను. ఆయన పోయాక పంతం ఎవరి మీదో నాకే తెలియలేదు, అయినా కాలు లేవలేదు. మొన్న అక్కడ గడప లేదు కనుక రాగలిగాను.

నిజం చెప్పాలనే వచ్చాను, చంద్రం. రైల్లో దారి పొడుగునా ఆ మాటే వల్లించుకున్నాను. అమ్మ నోట "నువ్వు తియ్యలేదు" అనిపించుకోవాలని ఎంత ఆశపడ్డానో నీకు తెలియదు. తీరా ఆవిడ కళ్ళు చూశాక ఆ మాట రాలేదు. తియ్యలేదంటే, కన్నకూతురి బతుకు ఊరికే పాడుచేశానని తెలిసి పోవాలి. కట్టుకున్నవాడు అంతా తెలిసి ఊరుకున్నాడని తెలిసి పోవాలి. తీశానంటే, క్షమించి పోతుంది. పోయేవాళ్ళకి అదే తేలిక.

నాకు బాధ లేదనుకోకు. తిరిగి వస్తూ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. అమ్మ నా తల నిమిరింది కదా. అది దొంగతనం చేసిన మంగ తల అనుకుని నిమిరింది. ఈ మంగ తల మీద ఆవిడ చెయ్యి పడనే లేదు.

ఎవరికీ ఏమీ చెప్పకు. నీకు తెలుసు, నాకు చాలు. ఈ ఉత్తరాలు దాచనక్కర్లేదు, మీ అబ్బాయి సాయిచరణ్‌కి ఎలాగూ తెలుగు చదవడం రాదు.

బులాకీ నాకొద్దు. అమ్మ సంవత్సరీకం అయ్యాక అమ్మన్నని పిలిచి కొత్త గడప పెట్టించు. ఆ ఖాకీ గుడ్డలోనే చుట్టి, నాన్న పెట్టిన చోటే పెట్టు. ముహూర్తం ఎప్పుడో ముందుగా రాయి. లాంతరు పట్టుకోవడానికి నేను వస్తాను.

ఇట్లు,
మీ అప్ప మంగ