సల్మాకు పుట్టని పాప

సల్మా,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది. గవర్నర్‌పేటలో మన ఆఫీసు వాళ్లు నిన్ననే మాకు ఏఐ ట్రైనింగ్ పెట్టించారు. మనలాంటి చిన్న సేవా సంస్థలు పైసా ఖర్చు లేకుండా దాతలకు ఉత్తరాలు దాంతో ఎలా రాయించుకోవాలో నేర్పారు. ఉన్న ఒక్క కంప్యూటర్ చుట్టూ అందరం మూగాం.

ఉదాహరణకి నీ కథే తీసుకున్నారు. వరద నీళ్లలో తిరుగుతూ మందులు పంచి, జ్వరమొచ్చి నువ్వు పోయిన సంగతి ఉన్నదున్నట్టు టైప్ చేశాను. ఏఐ రాసిన ఉత్తరం చదివి మన సెక్రటరీ గారు, "బానే ఉందండీ, కానీ ఏడుపు రావట్లేదు. ఇంకొంచెం పెంచమనండి" అన్నారు.

పెంచమన్నాను. ఈసారి నీకు నాలుగేళ్ల కూతుర్ని పెట్టింది. అమ్మ కోసం గుమ్మంలో ఎదురుచూస్తోందట. ఎన్ని ఆస్పత్రులు తిరిగినా నీకు పిల్లలు పుట్టలేదని ఆ గదిలో అందరికీ తెలుసు. అయినా కళ్లు తుడుచుకున్నారు.

"ఇదే పంపేయండి" అన్నారు సెక్రటరీ గారు.

సాయంత్రం మీ ఆయన నీ పేరున ఫాతిహా ప్రార్థన చదివించి మాకు స్వీట్లు తెచ్చారు. సెక్రటరీ గారు ఆ ఉత్తరం ఆయన చేతిలో పెట్టారు. ఆయన నిలబడే చదివారు. కోప్పడతారేమోనని నేను తలదించుకున్నాను. ఆయన కాగితం మడిచి, మెల్లగా అడిగారు.

"పాపకి పేరేం పెట్టారండీ?"

పెట్టలేదని చెప్పాను.

సుజాత