జంక్షన్‌లో దిగిందెవరు?

శ్రీవారికి,

అక్కడ మీ ఆరోగ్యం బాగుందని తలుస్తాను. ఇక్కడ నేనూ చిన్నదీ బాగానే ఉన్నాం. దాని దగ్గు తగ్గిందా అని అడిగారు. దగ్గు తగ్గింది, అలక తగ్గలేదు. స్కూల్లో తన నాటకం అయిపోయాక వచ్చారని ఇప్పటికీ మీ ఫోటో వైపు చూడటం లేదు. కుట్టుమిషను మోటారు బాగు చేయించాను, ఇప్పుడు బాగానే తిరుగుతోంది.

ఆ రోజు మీ రైలు దారిలో ఆగిపోయి ఆలస్యమైనందుకు నేనడిగిన నష్టపరిహారం సంగతి వదిలెయ్యమని ఒకే ఉత్తరంలో రెండుసార్లు రాశారు. ఒక్కసారే రాసి ఉంటే వదిలేసేదాన్నేమో. కూరగాయల తూకం దగ్గర కూడా పోట్లాడే నన్ను మీరెప్పుడూ ఆపలేదు. ఇప్పుడెందుకు ఆపుతున్నారు?

రైల్వేవాళ్ళు మన దరఖాస్తు తిరగ్గొట్టారు. రైలు ఆగిపోయింది జంక్షన్ దాటాకనట, మీ టికెట్టు జంక్షన్‌లోనే, టికెట్టు చూపిస్తే తెరుచుకునే ఆ మిషను గేటు దాటి బయటికి వెళ్ళిపోయిందట. నాకు ఒళ్ళు మండింది. డబ్బు ఎగ్గొట్టడానికి ఎంత కథ అల్లారో అనుకుంటూ స్టేషన్ ఆఫీసుకి వెళ్ళాను.

"మా ఆయన ఆ రైల్లోనే కూర్చుని నరకం చూశారండీ. మీ గేటుకే మతి పోయింది," అన్నాను.

గుమాస్తా కంప్యూటర్ తెర నా వైపు తిప్పాడు. "చూడండమ్మా, గేటుకి అబద్ధం ఆడాల్సిన పనేముంది? కాదంటారా, అప్పీలు పెట్టుకోండి. దారిలో ఎక్కడా దిగలేదని మీ ఆయనే రాసి సంతకం పెట్టాలి. మీరు పెడితే చెల్లదు."

నవ్వు ఆపుకుంటున్నాడనిపించింది. దారంతా అతన్నే తిట్టుకుంటూ వచ్చాను. ఇంటికొచ్చాక అనుమానం మీ మీదికి మళ్ళింది. ఆ రోజు అంతసేపు రైల్లో ఇరుక్కున్నానని చెప్పిన మనిషి, అన్నం వడ్డిస్తానంటే ఆకలి లేదన్నారు.

ఆ రోజు మీరు వేసుకొచ్చి ఇక్కడే వదిలి వెళ్ళిన ప్యాంటు తీసి చూశాను. కాలి మడత ఊడితే ఎవరో కుట్టారు. అది నా కుట్టు కాదు. మీకు సూదిలో దారం ఎక్కించడమే రాదు. ఏడ్చాను, దాచడమెందుకు. ఎవరో ఒకావిడ మీకు కడుపు నిండా పెట్టి, ప్యాంటు కుట్టి పంపిందనుకుంటూ ఒకరి కొలతలతో ఇంకొకరి చొక్కా కత్తిరించాను.

తర్వాత కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి చూస్తే, కుట్లన్నీ నా కుట్టుకి ఎదురు దిక్కుగా వాలి ఉన్నాయి. చివరి ముడి మాత్రం అచ్చం నేను వేసేదే, మా అమ్మ నేర్పింది. ఎడమచేత్తో కుట్టి ఆ ముడి వేసే మనిషి ఒక్కతే ఉంది. మా అక్క.

అమ్మ పోయాక ఈ మిషను కోసమే కదా మేమిద్దరం నోళ్ళు పారేసుకున్నాం. అక్క గడప తొక్కితే మీకూ నాకూ మాటల్లేవని మీ చేత ఒట్టు వేయించుకున్నాను. ఇల్లు మారిందని విన్నా ఎక్కడికని అడగలేదు. ఆ జంక్షన్‌ ఊరికేనన్నమాట. నా వెనక ఎన్నాళ్ళుగా వెళ్తున్నారు? నా గురించి ఏమంటుంది? ఇద్దరూ కలిసి నవ్వుకున్నారా? అన్నిటికీ జవాబు రాయండి.

ఇంకో మాట. ఆ కుట్టు విప్పేసి నేనే మళ్ళీ కుడదామని బ్లేడు తీశాను. చెయ్యి రాలేదు. అక్క మీద బెంగగా ఉందండీ.

అప్పీలు కాగితం దీంతో పాటు పంపుతున్నాను. దారిలో దిగలేదని రాయగలిగితే రాసి సంతకం పెట్టండి, వాళ్ళ సంగతి నేను తేలుస్తాను. రాయలేకపోతే, వెనకవైపు అక్క ఇంటి అడ్రసు రాసి పంపండి.

ఇట్లు,
కోపం ఇంకా తగ్గని
మీ ఇల్లాలు